మందుల సంచీ ఏ కారులో ఉంది?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. వేరుశనగ, గుడ్డు పడవు. దానికి తోడు ఆస్తమా. పాపకి నాలుగేళ్లు, తనకి ఏ ఇబ్బందీ లేదు. బాబు భయంతో ఇన్నేళ్లలో రెండు రాత్రులు కూడా మేం బయట ఉండలేదు. ఇప్పుడు మావారు ఎనిమిది రోజుల ట్రిప్ అంటున్నారు. నాలుగు గంటలు విమానం, అక్కడి నుంచి కారులో కొండల్లోకి. మన భాష తెలిసినవాళ్లు అక్కడ ఉండరు. అత్తగారు, మామగారు, ఆడపడుచు కుటుంబం కూడా వస్తున్నారు. అత్తగారేమో "మరీ ఇంత జాగ్రత్త చేస్తే వాడికి ఏదీ పడకుండా పోతుంది, కాస్త తింటే ఏమవుతుంది" అంటారు. బాబు బాగానే ఉన్నాడు కదా అని రోజూ వాడే ఇన్‌హేలర్ రెండు నెలల క్రితం మానేశాం. అడ్రినలిన్ ఇంజెక్షన్ డాక్టరుగారు రాసిచ్చినది ఫ్రిజ్‌లో ఉంది, ఒక్కసారీ వాడే అవసరం రాలేదు. వెళ్లమంటారా, మానమంటారా? వెళితే ఏం సర్దుకోవాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం: వెళ్లండి. మానుకోమని నేను చెప్పను. కానీ మీ ఉత్తరంలో రెండు సంగతులు మాటవరసకి అన్నట్టు రాసేశారు, నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. రోజూ వాడే ఇన్‌హేలర్ మానేశామన్నారు. ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో ఉందన్నారు. ఏం సర్దుకోవాలో తర్వాత చూద్దాం, ముందు ఈ రెండూ సరిచేయండి. టికెట్లు ఆ తర్వాతే.

నేను డాక్టర్ని కాను. పాలు, జీడిపప్పు పడక, ఆస్తమాతో అవస్థపడే అమ్మాయిని పెంచి కాలేజీకి పంపిన తల్లిని. మందులు, మోతాదుల విషయంలో మీ డాక్టరుగారి మాటే చివరి మాట. నేను చెప్పేది ఆయన దగ్గర ఏమేం అడగాలో, ఇంట్లోవాళ్లతో ఏమేం తేల్చుకోవాలో అంతవరకే.

ముందు ఇన్‌హేలర్ సంగతి. ఆయాసం వచ్చినప్పుడు కొట్టేది ఒకటి, రాకుండా రోజూ వాడేది ఇంకొకటి. రోజూ వాడే దాంట్లో ఉండే కొద్దిపాటి స్టెరాయిడ్ ఊపిరి గొట్టాల లోపలి వాపుని అణచిపెడుతుంది. బాబు బాగున్నాడని మానేశారు, కానీ వాడుతున్నందువల్లే బాగున్నాడేమో! మానేసిన మర్నాడే ఏమీ తెలియదు. వాపు వారాల మీద మెల్లగా తిరిగొస్తుంది. రాత్రిపూట దగ్గు, పరిగెత్తితే ఆగిపోవడం, మాటిమాటికీ ఆయాసం ఇన్‌హేలర్ అడగడం లాంటివి ఈ రెండు నెలల్లో పెరిగాయేమో గుర్తు చేసుకోండి. తిండి అలర్జీ ఉన్న పిల్లలకి ఇది మరీ ముఖ్యం. పడనిది కడుపులోకి వెళ్లినప్పుడు అదుపులో లేని ఆస్తమా ఉంటే ఆ రియాక్షన్ ప్రాణాంతకమయ్యే అవకాశం ఎక్కువ. అలర్జీతో ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఆస్తమా ఉండటం డాక్టర్లు ఎప్పటినుంచో గమనిస్తున్న సంగతే. అంటే బాబు ట్రిప్‌కి మొదటి ఏర్పాటు ఇంట్లో, పళ్లు తోముకునే ముందు, రెండు పూటలా జరగాల్సిన పని. (పళ్లు తోమే ముందే ఎందుకంటే, ఆ మందు వాడాక నోరు పుక్కిలించాలి. రెండూ ఒకేసారి అయిపోతాయి.) ఆ మందు పూర్తిగా పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి డాక్టర్ని బయలుదేరే ముందు రోజు కాదు, నాలుగు నుంచి ఆరు వారాల ముందే కలవండి.

ఇక ఫ్రిజ్. అడ్రినలిన్ ఆటోఇంజెక్టర్‌ని, అంటే తీవ్రమైన అలర్జీ వచ్చినప్పుడు తొడకి నొక్కే ఆ పెన్నులాంటి ఇంజెక్షన్‌ని, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. 20 నుంచి 25 డిగ్రీల మధ్య, అంటే ఇంట్లో నీడపట్టున ఉంచాలి. ఎండలో ఆగిన కారు డాష్‌బోర్డులోనూ పెట్టకూడదు, గడ్డకట్టే చలిలోనూ వదలకూడదు. ఇన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉన్నదాన్ని నమ్ముకుని కొండలెక్కొద్దు, కొత్తది రాయించుకోండి. ఒకటి కాదు, రెండు. మొదటి డోసుకి లొంగకపోతే అయిదు నుంచి పదిహేను నిమిషాల్లో రెండోది ఇవ్వాల్సి రావచ్చు. మందు కనిపించే చిన్న కిటికీ ఉంటే అందులోకి చూడండి, తేటగా ఉండాలి. రంగు మారినా, లోపల నలకలు తేలుతున్నా అది పనికిరాదు. ఎక్స్‌పైరీ తేదీని తిరిగొచ్చే రోజుతో సరిచూడండి. బాబు బరువు కూడా తూయించండి. ఈ ఇంజెక్షన్లు పిల్లలకి ఎక్కువగా 0.15, 0.3 మిల్లీగ్రాముల్లో వస్తాయి. రెండేళ్ల క్రితం రాసింది ఇప్పటి బరువుకి చాలకపోవచ్చు. ఇవి అసలు దొరకని దేశాలు బోలెడు ఉన్నాయి, అక్కడికెళ్లాక కొనుక్కుందాం అనుకోవద్దు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను, మీరూ పెద్ద గుంపుగా వెళుతున్నారు కాబట్టి. అమ్మాయికి అప్పుడు పదేళ్లు. రెండు కార్లలో బయలుదేరాం. నాలుగు పేజీల లిస్టు రాసి, మందులన్నీ ఒక ఎర్ర సంచీలో నేనే సర్దాను. సగం దారిలో టీకి ఆగినప్పుడు పిల్లలందరూ ఒకే కారులో కూర్చుంటామని గోల చేశారు. సరేలే అని అమ్మాయి ముందు కారెక్కింది. ఎర్ర సంచీ వెనక కారు డిక్కీలో, సూట్‌కేసుల కింద. ఇరవై నిమిషాలకి ముందు కారులో ఎవరో బిస్కెట్ ప్యాకెట్ విప్పారు. అమ్మాయి తినలేదు, పక్కవాళ్ల చెయ్యి తగిలి పెదవి దగ్గర రెండు దద్దుర్లు లేచాయి, అంతే. అదృష్టవశాత్తు అంతకుమించి పోలేదు. కానీ వెనక కారు కోసం రోడ్డు పక్కన ఆగి చూసిన పదకొండు నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే. లిస్టులో ఏమీ మర్చిపోలేదు నేను. సంచీ అమ్మాయితోపాటు కదలాలన్న ఒక్క ముక్క తప్ప!

అందుకే మీకు లిస్టు ఇవ్వను. మీరే చక్కగా రాసుకుంటారు. నేనడిగేది ఒక్కటే. ఏదైనా అయితే మొదటి అయిదు నిమిషాలు ఎవరు ఏం చేస్తారు? ఇది ఇంట్లో ఉండగానే తేలాలి.

మందులు బాబు నడుముకి కట్టే చిన్న బెల్టు సంచీలో ఉండాలి: రెండు ఆటోఇంజెక్టర్లు, ఆయాసానికి కొట్టే ఇన్‌హేలర్, మడిచి పెట్టిన కాగితం మీద డాక్టర్ రాసిన యాక్షన్ ప్లాన్ (రియాక్షన్ వస్తే ఏది ముందు, ఏది తర్వాత చేయాలో). ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం, స్పేసర్, లావుగా ఉంటుంది కాబట్టి అది వాడి వీపున ఉండే బ్యాగులో. వాడు ఎక్కిన కారులో ఆ బెల్టు సంచీ ఉండాలి, వాడు కూర్చున్న బల్ల దగ్గర ఉండాలి, ఈత కొడుతుంటే ఒడ్డున మీ చేతిలో ఉండాలి. హోటల్ గదిలో ఉందంటే లేనట్టే లెక్క. రెండో ఇన్‌హేలర్, మిగతా మందులు మీ బ్యాగులో పెట్టుకోండి. ఇన్‌హేలర్‌లో ఎన్ని డోసులు మిగిలాయో దాని వెనక అంకె చూడండి. అంకె లేనిదైతే కొత్తది తీసుకోండి. ఊపి చూసి చెప్పే అంచనా తప్పుతుంది.

ఇక అందరూ తడబడేది ఎక్కడంటే, ఇది ఆస్తమానా, అలర్జీనా అన్న దగ్గర. బాబు ఏదో తిన్నాడు. పావుగంటకి దగ్గు మొదలైంది, పిల్లికూతలు వినిపిస్తున్నాయి. ఒంటి మీద దద్దుర్లు లేవు. కొండ గాలి కదా, ఆయాసం వచ్చిందేమో అని ఇన్‌హేలర్ కొడతారు. కాసేపు చూద్దాం అంటారు. ఆ కాసేపే కొంప ముంచేది. తీవ్రమైన రియాక్షన్లన్నిట్లో దద్దుర్లు కనిపించాలని లేదు. ఆస్ట్రేలియాలో అలర్జీ డాక్టర్ల సంఘం ఆస్కియా ఇచ్చే యాక్షన్ ప్లాన్‌లో దీన్ని సూటిగా రాశారు: తిండి అలర్జీ, ఆస్తమా రెండూ ఉన్న మనిషికి హఠాత్తుగా ఊపిరాడకపోతే, దద్దుర్లు లేకపోయినా సరే, ముందు అడ్రినలిన్, ఆ తర్వాత ఇన్‌హేలర్. మీ డాక్టరుగారిని ఈ ఒక్క ప్రశ్న నేరుగా అడిగి, జవాబు ఆయన చేత రాయించుకోండి. మా అమ్మాయిని చూసే డాక్టరుగారైతే ఆ కాగితం మీద ఎర్ర పెన్నుతో 1, 2 అని అంకెలు వేసి ఇచ్చారు.

గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, నాలుక వాయడం, ఆగని దగ్గు, పాలిపోయి వాలిపోవడం, తిన్న కాసేపటికి పదేపదే వాంతులు, ఇవీ చూడాల్సిన గుర్తులు. దురద మాత్ర వేసి ఎదురుచూడొద్దు. అది దురదని తగ్గిస్తుందే గానీ పడిపోతున్న బీపీని, మూసుకుపోతున్న గొంతుని ఆపదు. ఇంజెక్షన్ తొడ బయటి వైపు మధ్యలో ఇవ్వాలి, ప్యాంటు మీదనుంచైనా ఇవ్వొచ్చు, జేబు, కుట్టు తగలకుండా. ఎన్ని సెకన్లు నొక్కి ఉంచాలో కంపెనీని బట్టి మారుతుంది, మీ దాని మీద ఏముందో చదవండి. ఇచ్చాక బాబుని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచండి. ఊపిరాడక ఇబ్బందిపడుతుంటే కాళ్లు చాపి కూర్చోబెట్టండి. లేపి నడిపించొద్దు, బాత్రూమ్‌కి కూడా. అంబులెన్స్ పిలవండి. పది నిమిషాల్లో వాడు మామూలైపోయి ఐస్‌క్రీమ్ అడిగినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, ఎందుకంటే కొందరికి కొన్ని గంటల తర్వాత రియాక్షన్ మళ్లీ తిరగబెడుతుంది. "తగ్గిపోయిందిగా" అనే మాట ఆ రోజు ఎవరి నోటా రానివ్వకండి.

ఇదంతా చదివి తెలిసేది కాదు, చేసి చూడాలి. సూది లేని ట్రైనర్ పెన్నులు దొరుకుతాయి, డాక్టర్ దగ్గర అడగండి. అందరూ ఒక సాయంత్రం కూర్చుని తలా మూడుసార్లు తమ తొడ మీదే నొక్కి చూడండి. మావారు మొదటిసారి పెన్ను తలకిందులుగా పట్టుకుని బొటనవేలు సూది వైపు పెట్టారు. అందరం నవ్వాం గానీ, నిజంగా ఆ రోజు వచ్చి ఉంటే మందు ఆయన వేలిలోకి వెళ్లేది.

ఆ సాయంత్రం మీ అత్తగారిని కూడా పక్కనే కూర్చోబెట్టుకోండి. ఆవిడ మాట కొట్టిపారేయదగ్గదేమీ కాదు. 2015లో వచ్చిన లీప్ అనే అధ్యయనంలో, అలర్జీ వచ్చే ప్రమాదం ఉన్న చంటిపిల్లలకి నాలుగు నుంచి పదకొండు నెలల వయసులోనే వేరుశనగ తినిపించడం మొదలుపెడితే ఆ అలర్జీ బాగా తగ్గిందని తేలింది. అలర్జీ వచ్చేసిన పిల్లలకి కూడా మిల్లీగ్రాముల లెక్కన, ఆసుపత్రిలో మొదలుపెట్టి, నెలల తరబడి పెంచుతూ ఇచ్చే చికిత్స ఉంది. కాబట్టి "అలవాటు చేస్తే పడుతుంది" అన్న ఆవిడ ఆలోచనకి ఆధారం లేకపోలేదు. ఆ పని హోటల్ బల్ల దగ్గర, చెంచాతో జరిగేది కాదు, అంతే తేడా. మీరు చెబితే కోడలి మాట అవుతుంది. డాక్టర్ దగ్గరికి ఈసారి ఆవిడనే తోడు తీసుకెళ్లండి, ఆయన నోటనే విననివ్వండి. తర్వాత ఆవిడకి ఒక పని అప్పజెప్పండి. ఎవరు ఏం పెట్టబోయినా "ముందు నన్ను అడగండి" అనే బాధ్యత ఆవిడదే. ఇంత జాగ్రత్త వద్దన్న మనిషే కాపలాకి కూర్చుంటే అంతకంటే గట్టి కాపలా ఉండదు, నా అనుభవం ఇది. గుడ్డు విషయంలో కూడా, కేకులో బాగా ఉడికిన గుడ్డు కొందరు పిల్లలకి పడుతుంది, బాబుకి పడుతుందేమో చూద్దామని ఎవరికైనా అనిపించొచ్చు. అది డాక్టర్ సమక్షంలో తేల్చుకునేది. ప్రయాణంలో కొత్త ప్రయోగాలు వద్దు.

విమానం గురించి మీరు భయపడినంత లేదు. టికెట్ కొన్నప్పుడే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి చెప్పండి, ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్లీ చెప్పండి. కొందరు వేరుశనగ వడ్డించడం ఆపుతారు, కొందరు ఆపరు. వాళ్లు ఇచ్చే స్పెషల్ మీల్ మీద ఆధారపడకుండా బాబు తిండి ఇంటి నుంచే కట్టుకెళ్లండి, విమానం ఆలస్యమైనా సరిపోయేంత. వేరుశనగ వాసన వస్తే చాలా తల్లులకి గుండె గుభేలుమంటుంది, నాకూ అయ్యేది. వాసనలో రియాక్షన్ తెప్పించే ప్రొటీన్ ఉండదు. అసలు ముప్పు ముందు కూర్చున్నవాళ్లు తిని చేతులు తుడుచుకున్న ట్రే, సీటు చేతులు, బెల్టు బకిల్. కూర్చోగానే వైప్స్‌తో అవి తుడవండి. శానిటైజర్ జెల్ క్రిముల్ని చంపుతుంది గానీ వేరుశనగ ప్రొటీన్‌ని వదిలించదు. సబ్బు నీళ్లు గానీ వైప్స్ గానీ కావాల్సిందే. విమానం లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నట్టు ఉంటుంది, తేమ 20 శాతం కూడా ఉండదు. ఆస్తమా అదుపులో ఉన్న పిల్లాడికి ఇది మామూలుగా ఇబ్బంది కాదు, అదుపులో లేకపోతే ఆలోచించాలి. మళ్లీ అదే చోటికి వచ్చాం చూశారా, ఆ రోజువారీ ఇన్‌హేలర్ దగ్గరికి.

మందుల సంచీ సామానుతో చెక్-ఇన్‌లో వేయొద్దు, తల పైన అరలోనూ పెట్టొద్దు, ముందు సీటు కింద పెట్టండి. సెక్యూరిటీ దగ్గర అడుగుతారు కాబట్టి డాక్టర్ లెటర్, మందుల అసలు పెట్టెలు దగ్గరుంచుకోండి. లెటర్‌లో మందు అసలు పేరు రాయించండి. ఆయాసం ఇన్‌హేలర్‌లో సాల్బుటమాల్ అని మనం వాడేదాన్నే అమెరికాలో ఆల్బుటెరాల్ అంటారు, అడ్రినలిన్‌ని ఎపినెఫ్రిన్ అంటారు. మందుల షాపులో బ్రాండ్ పేరు చెబితే తలకాయ అడ్డంగా ఊపేస్తారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు అలర్జీ, ఆస్తమా రెండూ దాచకుండా రాయండి, లేకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.

బస ఎంచుకునేటప్పుడు వ్యూ కంటే ముందు వంటగది ఉందా అని చూడండి. ఎనిమిది రోజుల్లో పొద్దుటి తిండి మీ చేతిమీదుగా అయిపోతే సగం గండం గట్టెక్కినట్టే. పొగ తాగని గది, కార్పెట్ లేని నేల, గోడలకి చెమ్మ, బూజు లేకపోవడం, గదిలో కట్టెల మంట వేయకపోవడం, ఇవన్నీ ఫోన్‌లోనే అడగండి. అక్కడి నుంచి 24 గంటలూ తెరిచి ఉండే ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లో కాదు, ఎన్ని నిమిషాలో కనుక్కోండి. కొండ దారిలో రెంటికీ పొంతన ఉండదు. ముప్పావుగంట దాటితే నేనైతే బస మార్చేస్తాను. అంబులెన్స్ నంబర్ దేశాన్ని బట్టి మారుతుంది, యూరప్‌లో 112, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000. మీరు వెళ్లేచోటిది అందరి ఫోన్లలో వేయండి. చలిగాలిలో బాబు ముక్కూ నోరూ కప్పేలా మఫ్లర్ చుట్టండి, ఇన్‌హేలర్ బాగా చల్లబడితే మందు సరిగా రాదు కాబట్టి ఆ బెల్టు సంచీని స్వెట్టర్ లోపలికి కట్టండి. కొత్త చోట కడుపునిండా తిన్న వెంటనే కొండ ఎక్కించొద్దు. అలసట, నిద్ర లేకపోవడం, జ్వరం, తిన్న వెంటనే పరుగులు, వీటివల్ల రోజూ సరిపెట్టుకునేంత కొంచానికి కూడా ఒళ్లు ఎదురుతిరగొచ్చు.

బయట తినడానికి ఒక కార్డు రాయించుకోండి, అక్కడి భాషలో. ఫోన్ అనువాదం మీద వదిలేయకుండా ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లకి ఒకసారి చూపించండి, ఎందుకంటే వేరుశనగకీ బాదం, జీడిపప్పు లాంటివాటికీ తేడా అనువాదంలో ఇట్టే చెరిగిపోతుంది. బొమ్మలు కూడా వేయించండి. "వేరుశనగ, గుడ్డు తింటే ఈ బాబు ప్రాణానికే ప్రమాదం. కొంచెం కూడా కలవకూడదు. అవి వేయించిన నూనె, బాణలి, గరిటె వాడొద్దు" అని ఉంటే చాలు. అంతకంటే పొడుగైతే ఎవరూ చదవరు. దాన్ని ఆర్డర్ తీసుకునే మనిషికి కాదు, పొయ్యి దగ్గరున్న మనిషికి చేరేలా చూడండి. జనం తక్కువగా ఉండే వేళకి వెళ్లండి. బఫేలు వద్దేవద్దు, గరిటెలు ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి పోతూనే ఉంటాయి. జవాబు చెప్పేవాళ్లు క్షణం తటపటాయించినా, "పర్లేదండీ, ఏం కాదు" అని తేలిగ్గా నవ్వేసినా లేచి వచ్చేయండి. మొహమాటం వద్దు.

ప్యాకెట్ల మీద రూల్సూ దేశానికొకలా ఉంటాయి. యూరప్‌లో 14 రకాల అలర్జీ పదార్థాలు తప్పనిసరిగా చూపించాలి. అమెరికాలో తొమ్మిది, అందులో నువ్వులు 2023లో వచ్చి చేరాయి. గుడ్డు, వేరుశనగ రెంటిలోనూ ఉన్నాయి. కానీ "ఆనవాళ్లు ఉండవచ్చు" అనే హెచ్చరిక చాలాచోట్ల కంపెనీ ఇష్టం. అది లేనంతమాత్రాన ప్యాకెట్ భద్రమని కాదు. కొన్ని పేర్లు గుర్తుపెట్టుకోండి: ఎరాకిస్ ఆయిల్ అంటే వేరుశనగ నూనే, ఆల్బుమిన్ గుడ్డు తెల్లసొన, లైసోజైమ్ కూడా మామూలుగా గుడ్డు నుంచే తీస్తారు, E1105 అనే నంబర్‌తో కొన్ని చీజుల్లో కనిపిస్తుంది. నిరుడు పడిన ప్యాకెట్టే అయినా ప్రతిసారీ చదవాల్సిందే, చెప్పాపెట్టకుండా దినుసులు మార్చేస్తారు.

బాబు గురించి ఒక మాట. తొమ్మిదేళ్లంటే చిన్నవాడేం కాదు. ఎవరైనా పెట్టింది వద్దనడం, గొంతులో ఏదోలా ఉందని వెంటనే చెప్పడం, ఒంటరిగా బాత్రూమ్‌లోకి పోయి దాక్కోకపోవడం వాడికి నేర్పండి. దగ్గు వస్తే సిగ్గుపడి లేచి వెళ్లిపోయే పిల్లలు చాలామంది, మా అమ్మాయీ అంతే చేసేది. మొదటి రెండు రోజులు కార్డు మీరు చూపించండి, వాడు పక్కన నిలబడి చూస్తాడు. మూడో రోజు కార్డు వాడి చేతికివ్వండి. వేరుశనగ అడుగుతాడు, గుడ్డు అడుగుతాడు. నూనె సంగతి మర్చిపోతాడు. అది మీరు అందుకోండి.